రుణం లేని సుఖం: ప్రగతిపై ఒక బౌద్ధ విచారణ

దేశాల ప్రగతిని ఆర్థికం, రాజకీయం, సామాజికం అని మూడు పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయకు ఒక్కొక్క కొలమానం పెట్టి, ఏ దేశం ముందుంది, ఏ దేశం వెనుకబడింది అని వరుస కట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. జాతీయాదాయాన్ని లెక్కగట్టే విధానానికి రూపమిచ్చిన అర్థశాస్త్రవేత్త సైమన్ కుజ్నెట్స్, 1934లో అమెరికా సెనేట్‌కు సమర్పించిన నివేదికలోనే, ఆ అంకెను చూసి ప్రజల సంక్షేమాన్ని ఊహించుకోరాదని హెచ్చరించాడు. అంకె ప్రపంచమంతటా చెలామణి అయింది గాని హెచ్చరిక మరుగున పడింది. ఆ లోపాన్ని కొంత సరిదిద్దడానికి మహబూబుల్ హక్, అమర్త్య సేన్ వంటివారి కృషితో 1990లో మానవాభివృద్ధి సూచిక వచ్చి, ఆదాయానికి ఆయుర్దాయాన్నీ చదువునూ జోడించింది. ఈ కొలమానాలన్నిటి అడుగున దాగి ఉన్న ప్రశ్న మాత్రం అర్థశాస్త్రానిది కాదు, తత్త్వశాస్త్రానిది: ఒక మనిషి, ఒక ఊరు, ఒక దేశం బాగుపడింది అనడానికి గుర్తేమిటి? ఆ ప్రశ్నను చాలా పాతకాలంలోనే, అదీ ఒక వర్తకుడి ముందు, స్పష్టంగా చర్చించిన సంప్రదాయం బౌద్ధం. ఆ సంప్రదాయం శిలారూపంలో నిలిచి ఉన్న చోట్లలో ఒకటి, బెల్లం వ్యాపారానికి పేరుపడిన అనకాపల్లి పక్కనే ఉంది.

అనకాపల్లికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని శంకరం గ్రామం పేరు, భిక్షువులు కలిసి నివసించే విహారమని అర్థమిచ్చే 'సంఘారామం' అన్న మాటకు వాడుక రూపమని పండితుల అభిప్రాయం. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే రెండు గుట్టలున్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో గుహాలయాలు, ఇటుక కట్టడాలు, కొండరాతిని తొలిచి మలిచిన స్తూపాలు, మట్టి ముద్రలు, నాణేలు బయటపడ్డాయి. వాటిలో సముద్రగుప్తుని బంగారు నాణెమూ, తూర్పు చాళుక్యుడైన విష్ణువర్ధనుని రాగి నాణేలూ ఉండడాన్ని బట్టి ఈ చోటు శతాబ్దాల పాటు జనం రాకపోకలతో, డబ్బు చలామణితో సజీవంగా ఉండేదని తెలుస్తుంది. లింగాలకొండ మీద వరుసలు తీరిన చిన్న చిన్న స్తూపాలు తరువాతి కాలపు జనానికి శివలింగాలుగా కనిపించడంతో ఆ గుట్టకు ఆ పేరు వచ్చింది. బొజ్జన్నకొండ దగ్గర కనుమ నాడు జరిగే జాతరలో, అక్కడి ఒక ఆకారాన్ని రాక్షసుడిగా తలచి రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగి, వారసత్వ పరిరక్షకుల చొరవతో ఇటీవలి కాలంలో ఆగింది. ఒక సమాజం తన పూర్వీకులు నిర్మించుకున్నదాన్ని గుర్తుపట్టలేక దానిమీదే రాయి విసిరే స్థితికి రాగలదన్న సంగతి, కాలం గడిచేకొద్దీ ముందుకే పోతామన్న నమ్మకాన్ని కాస్త ఆగి పరిశీలించమంటుంది.

విహారాలు గాలిలో నుంచి పుట్టలేదు. ఉత్తరాంధ్ర తీరం వెంబడి తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, శాలిహుండం మొదలైన బౌద్ధ స్థలాలన్నీ ఓడరేవులకో, బండ్ల బాటలకో, పంట పొలాలకో చేరువలోనే ఉన్నాయి. రైతుల, వర్తకుల, చేతిపనివారి మిగులు సంపద దానంగా మారితేనే భిక్షువుల జీవనం సాగేది. అందువల్ల సంపదను బౌద్ధం తిరస్కరించిందనే సాధారణ అభిప్రాయం నిలవదు. భిక్షువుకు నిరాడంబరతను విధించిన ఆ మతమే గృహస్థుకు, అంటే ఇల్లూ వాకిలీ వృత్తీ ఉన్న మనిషికి, సంపాదనను గురించి ప్రత్యేకమైన ఉపదేశాలు చేసింది.

వాటిలో ముఖ్యమైనది అంగుత్తర నికాయంలో ఉంది. శ్రావస్తికి చెందిన అనాథపిండికుడనే శ్రేష్ఠికి బుద్ధుడు గృహస్థు పొందదగిన నాలుగు సుఖాలను వివరించాడని ఆ గ్రంథం చెబుతుంది. మొదటిది అస్తి సుఖం: తన శ్రమతో, చెమటోడ్చి, ధర్మమార్గంలో సంపాదించినది తనకు ఉందన్న సుఖం. రెండవది భోగ సుఖం: ఆ ఉన్నదాన్ని తాను అనుభవిస్తూ, దానితో పుణ్యకార్యాలు చేయగలగడంలోని సుఖం. మూడవదాన్ని పాలీ భాషలో ఆనణ్యం అంటారు, సంస్కృతంలో ఆనృణ్యం: ఎవరికీ, చిన్నదైనా పెద్దదైనా, అప్పు లేకపోవడంలోని సుఖం. నాలుగవది అనవద్య సుఖం: చేతలోగాని మాటలోగాని ఆలోచనలోగాని వేలెత్తి చూపదగిన తప్పు లేకుండా బతకడంలోని సుఖం. మొదటి మూడూ కలిసినా నాలుగవదానిలో పదహారో వంతుకు కూడా సరిరావని ఆ ఉపదేశపు ముగింపు.

ఈ నాలుగింటినీ ఇప్పటి కొలమానాల పక్కన పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జాతీయోత్పత్తి మొదటి రెండు సుఖాలను, అంటే ఉండడాన్నీ అనుభవించడాన్నీ, అదీ ధర్మం అన్న షరతును తీసివేసి, లెక్కిస్తుంది. మూడవదాన్ని లెక్కించకపోవడమే కాదు, ఒక్కోసారి తలకిందులు చేస్తుంది, ఎందుకంటే అప్పు చేసి ఖర్చుపెట్టినా ఆ ఖర్చు ఉత్పత్తి పెరుగుదలగానే నమోదవుతుంది. నాలుగవదానికి ఆ పట్టికలో గడే లేదు. నదిని పాడుచేసే కర్మాగారమూ, పాడైన నదిని శుభ్రంచేసే యంత్రమూ రెండూ ఒకే ఖాతాలో కూడికలుగా చేరుతాయి.

నాలుగింటిలోనూ మూడవ సుఖం దగ్గర ఎక్కువసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే అనకాపల్లి ప్రాంతపు రైతు జీవితానికి అది అతి సమీపమైనది. చెరకు దాదాపు ఏడాది పొడవునా నేలలో నిలిచే పంట. విత్తనపు ముచ్చెల నుంచి, జడ చుట్టడం నుంచి, నరికి గానుగకు చేర్చే కూలి వరకు పెట్టుబడి ముందే పెట్టాలి, రాబడి మాత్రం రసం పెనం మీద మరిగి, పాకమై, దిమ్మగా మారి మార్కెట్టుకు చేరిన తరువాతే వస్తుంది. ఈ ఎడాన్ని పూడ్చేది అప్పు. పెట్టుబడి ఇచ్చిన వర్తకుడికే సరుకు తోలవలసి వచ్చినప్పుడు, ధర బాగున్న రోజు కోసం ఆగే స్వేచ్ఛ రైతుకు ఉండదు. దిమ్మ అతడిదే, దాని ధర మాత్రం అతడి చేతిలోది కాదు. సొంత భూమి లేని కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. అతడికి బ్యాంకు రుణం అందేలా చేయాలని ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టమూ, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమూ వచ్చినా, రెండవ చట్టం ప్రకారం పదకొండు నెలల పత్రం పొందడానికి భూయజమాని సమ్మతి అవసరం కావడంతో, ఆ సంతకం దొరకనివారు మళ్లీ పాత గడపకే చేరుతున్నారు.

ఇది కొద్దిమంది కథ కాదు. 2019 సంవత్సరానికి జాతీయ గణాంక కార్యాలయం జరిపిన వ్యవసాయ కుటుంబాల సర్వేలో దేశం మొత్తం మీద సగం కుటుంబాలు, అంటే 50.2 శాతం, అప్పుల్లో ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిష్పత్తి 93.2 శాతం, కుటుంబానికి సగటు అప్పు దేశంలో రూ. 74,121 కాగా, ఈ రాష్ట్రంలో అది రూ. 2,45,554, రాష్ట్రాలన్నిటిలోనూ అత్యధికం. అదే రాష్ట్రం తలసరి ఆదాయంలోనూ వ్యవసాయ దిగుబడుల్లోనూ దేశంలో మంచి స్థానంలోనే ఉంటూ వచ్చింది. అప్పు అందడం కూడా ఒక సౌకర్యమేననీ, పేద రాష్ట్రాల రైతుకు అప్పు తక్కువగా ఉండడానికి అప్పిచ్చేవాడు లేకపోవడమే కారణమనీ చేసే వాదనలో కొంత నిజం ఉంది. అయినా నూటికి తొంభై మూడు కుటుంబాలకు మూడవ సుఖం లేని చోట, మొదటి రెండింటి పెరుగుదలను మాత్రమే చూపి ప్రగతి అనడం సగం చెప్పి ఊరుకోవడమే.

బౌద్ధం రుణాన్ని కేవలం ఇంటి లెక్కగా చూడలేదు. దీఘ నికాయంలోని శ్రామణ్యఫల సూత్రం, ధ్యానానికి అడ్డువచ్చే ఐదు మానసిక దోషాలను, వాటికి నీవరణాలని పేరు, ఐదు లౌకిక దుఃస్థితులతో పోలుస్తుంది: అప్పు, రోగం, చెర, దాస్యం, దొంగల భయమున్న ఎడారి ప్రయాణం. ఆ దోషాలు తొలగిన మనసు అప్పు తీర్చేసినవాడిలాగా, జబ్బు నుంచి కోలుకున్నవాడిలాగా, చెర నుంచి విడుదలైనవాడిలాగా, దాస్యం పోయినవాడిలాగా, ఎడారి దాటి క్షేమంగా ఊరు చేరినవాడిలాగా సంతోషిస్తుందని ఆ సూత్రం చెబుతుంది. ఉపమానం ఎప్పుడూ వినేవాడికి తెలిసినదాని మీదనే ఆధారపడుతుంది. ముక్తి రుచి తెలియజెప్పడానికి అప్పు తీరిన రోజు రుచిని చూపవలసి వచ్చిందంటే, ఆ రుచి ఎంత గొప్పదో, ఎంత అరుదైనదో గ్రంథకర్తకు తెలుసు. ఆర్థిక భద్రత, ఆరోగ్యం, న్యాయం, సామాజిక స్వేచ్ఛ, శాంతిభద్రతలు అని నేటి భాషలో చెప్పుకునేవన్నీ ఆ ఐదు ఉపమానాలలోనే ఉన్నాయి. 1999లో అమర్త్య సేన్ అభివృద్ధి అంటే స్వేచ్ఛల విస్తరణ అని వాదించినప్పుడు, అంటే మనిషి తాను విలువైనదిగా ఎంచుకున్న జీవితాన్ని గడపగల శక్తి పెరగడమే అభివృద్ధి అన్నప్పుడు, ఆ ఆలోచన భారతీయ చింతనకు కొత్తదేమీ కాదు.

అయితే ఇక్కడే ఆ సంప్రదాయపు పరిమితిని కూడా దాచకుండా చెప్పాలి. భిక్షువుల నియమావళి అయిన వినయపిటకంలో, అప్పున్నవాడికి సంఘ ప్రవేశం ఇవ్వరాదన్న నియమం ఉంది. రుణగ్రస్తుడొకడు కాషాయం కట్టాడని రుణదాతలు ఆక్షేపించడంతో ఆ నియమం ఏర్పడిందని అక్కడే కారణం చెప్పారు. దాసులకూ, రాజు కొలువులోని సైనికులకూ ఇలాంటి నిషేధాలే ఉన్నాయి. సంఘం సమాజంతో పోరుకు దిగకుండా మనుగడ సాగించడానికి ఆ నియమాలు తోడ్పడి ఉండవచ్చు. దాని ఫలితం మాత్రం కఠినమైనది: ఎవరికి విముక్తి ఉపమానాలు అన్నిటికంటే బాగా అర్థమవుతాయో వారికే, అంటే అప్పులో ఉన్నవాడికి, దాస్యంలో ఉన్నవాడికి, విహారపు తలుపు మూసి ఉండేది. అప్పు మనిషి నుంచి లోకాన్నే కాదు, పరలోకపు దారిని కూడా లాక్కోగలదని ఈ నియమమే పరోక్షంగా ఒప్పుకుంటున్నది.

రుణం అన్న మాటకు తెలుగులో ఉన్న రెండు ముఖాలను ఈ సందర్భంలో గమనించాలి. మేలు చేసినవారికి రుణపడి ఉంటామంటారు. పెంచినవారి రుణం తీర్చుకోలేనిదంటారు. కారణం తెలియని ఆత్మీయతను రుణానుబంధం అంటారు. ఈ వాడుకకు మూలం వైదిక సంప్రదాయంలో ఉంది; తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడని, అంటే ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు రుణపడి ఉంటాడని చెప్పింది. ఈ రుణం బంధం. చదువుకుని, యజ్ఞం చేసి, సంతానాన్ని కని దాన్ని తీర్చడమంటే పొందినదాన్ని ముందు తరానికి అందించడమే. దీనికి వడ్డీ లేదు, తాకట్టు లేదు, దీన్ని మరొకరికి అమ్మే వీలు లేదు. వడ్డీతో పెరిగే అప్పు దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. అది రేపటి శ్రమను ఈరోజే కొనేసి, మనిషిని తన వాళ్లకు తీర్చవలసిన రుణాలు తీర్చలేని స్థితికి నెడుతుంది. పిల్ల చదువు ఆపి వడ్డీ కట్టిన తండ్రి విషయంలో ఒక రుణం మరొక రుణాన్ని మింగేసింది.

ఈ భేదాన్ని ఇతర మతాలూ గుర్తించాయి. యూదుల ధర్మగ్రంథంలోని లేవీయకాండం యాభై ఏళ్లకొకసారి వచ్చే సునాద (జూబిలీ) సంవత్సరంలో అమ్ముడుపోయిన భూమి తిరిగి పాత హక్కుదారుకు చేరాలనీ, దాస్యంలో పడినవాడు విడుదల కావాలనీ విధించింది; ఖురాను వడ్డీని నిషేధించి, ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి గడువివ్వమనీ, మాఫీ చేస్తే ఇంకా మేలనీ బోధించింది. సునాద సంవత్సరమన్న ఆ పాత భావననే ఆధారం చేసుకుని, ఇరవయ్యో శతాబ్దం చివరలో క్రైస్తవ సంఘాలూ పౌర సంస్థలూ కలిసి పేద దేశాల అప్పులు రద్దు చేయాలని జూబిలీ 2000 పేరిట ప్రపంచవ్యాప్త ఉద్యమం నడిపాయి. ఆ ఒత్తిడి ఫలితంగా ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలోని అనేక దేశాలకు అప్పుల నుంచి గణనీయమైన ఉపశమనం లభించింది. రైతు ఇంట్లో జరిగేదే దేశం స్థాయిలోనూ జరుగుతుందనడానికి దగ్గరి ఉదాహరణ శ్రీలంక. 1931లోనే సార్వత్రిక ఓటు హక్కును, 1940లలో ఉచిత విద్యను సాధించి, ఆయుర్దాయంలో దక్షిణాసియాకు మార్గదర్శిగా నిలిచిన ఆ దేశం 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేయవలసి వచ్చింది. మందులకూ ఇంధనానికీ జనం రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డారు. స్థూల జాతీయానందం అన్న భావనతో ప్రపంచానికి కొత్త ఆలోచననిచ్చిన బౌద్ధ రాజ్యం భూటాన్‌ను మెచ్చుకోవలసిందే; తొమ్మిది రంగాలుగా, ముప్పై మూడు సూచికలుగా ఆనందాన్ని విభజించి పరిశీలించే ప్రయత్నం ఎంతో నిజాయితీ గలది. అయినా 1990ల ప్రాంతంలో లక్షకు పైగా నేపాలీ భాషీయులు అదే దేశం వదిలి శరణార్థి శిబిరాలకు చేరారన్న సంగతిని ఆ సూచికల పక్కనే ఉంచి చదవాలి. బౌద్ధం పేరు పెట్టుకున్నంత మాత్రాన నాలుగవ సుఖం దక్కదు.

అప్పులో ఉన్నవాడిని విహారం చేర్చుకోలేకపోతే, ఆ అప్పును తొలగించే బాధ్యత ఎవరిది? దీనికి బౌద్ధ గ్రంథాలు ఇచ్చే సమాధానం స్పష్టమైనది: పాలకుడిది. కూటదంత సూత్రంలో మహావిజితుడనే రాజు గొప్ప యజ్ఞం తలపెట్టి పురోహితుణ్ణి సలహా అడుగుతాడు. రాజ్యంలో దొంగల బెడద ఉన్నప్పుడు యజ్ఞం కోసం పన్ను వేయడం అన్యాయమనీ, దొంగలను చంపినా చెరలో పెట్టినా మిగిలినవారు మళ్లీ అదే పని చేస్తారనీ పురోహితుడు చెబుతాడు. వ్యవసాయం, పశుపోషణ చేసేవారికి విత్తనాలు, మేత ఇవ్వమనీ, వర్తకులకు పెట్టుబడి ఇవ్వమనీ, కొలువు చేసేవారికి భోజనం, జీతం ఇవ్వమనీ సూచిస్తాడు. అలా చేసిన రాజ్యంలో జనం తమ తమ పనుల్లో మునిగి, పిల్లలను ఒడిలో ఆడించుకుంటూ, ఇంటి తలుపులు తెరిచి ఉంచి బతికారని సూత్రం వర్ణిస్తుంది. ఇందులో విత్తనం, మేత, పెట్టుబడి అన్నవాటికి అప్పు అన్న పేరు లేదు; అవి ఇవ్వదగినవి, ఇచ్చి వడ్డీ రాబట్టదగినవి కావు. శాతవాహన రాజును ఉద్దేశించి ఆచార్య నాగార్జునుడు రచించినట్టు సంప్రదాయం చెప్పే రత్నావళి ఈ ఆలోచనను ఇంకా నేలమీదికి తెస్తుంది: నష్టపోయిన రైతులకు విత్తనమూ తిండీ ఇవ్వాలి, అధిక పన్నులు తగ్గించాలి, అంధులనూ రోగులనూ దిక్కులేనివారినీ ఆదరించాలి, ఖైదీలు చెరలో ఉన్నంతకాలం వారికి ఆహారం, మందు, బట్ట, క్షురకుడు అందుబాటులో ఉండాలి. శూన్యతావాదానికి, అంటే ఏ వస్తువుకూ తనదైన స్వతంత్ర స్వభావం లేదన్న సూక్ష్మమైన సిద్ధాంతానికి, కర్త అయినవాడు కూడా ఖైదీ గడ్డం గీయించే సంగతిని మరచిపోలేదు. ప్రపంచం శూన్యమన్నవాడు లోకం కష్టాన్ని పట్టించుకోనక్కరలేదనుకునేవారికి ఇంతకంటె బలమైన జవాబు దొరకదు.

రాజకీయ ప్రగతిని గురించి బౌద్ధం వాడిన మాట కూడా ఆలోచింపజేసేది. మగధ రాజు అజాతశత్రువు వజ్జి గణరాజ్యాన్ని జయించాలనుకుని తన మంత్రిని పంపినప్పుడు, బుద్ధుడు వజ్జులు పాటించే ఏడు అపరిహానీయ ధర్మాలను పేర్కొన్నాడు. పరిహాని అంటే క్షీణత; అపరిహానీయ ధర్మాలంటే క్షీణించకుండా కాపాడే పద్ధతులు. తరచుగా సమావేశం కావడం, కలిసి కూర్చుని కలిసి లేవడం, ఏర్పరచుకున్న కట్టుబాట్లను మీరకపోవడం, పెద్దల మాట వినడం, స్త్రీలను బలవంతంగా ఎత్తుకుపోకపోవడం వాటిలో కొన్ని. ఎంత ఎత్తుకు ఎదిగారన్నది అక్కడ ప్రశ్న కాదు. నలుగురూ కూడి మాట్లాడుకుంటున్నారా అన్నదే ప్రశ్న.

ఈ ధర్మాలను సహకార సంఘాల చరిత్రకు అన్వయించి చూడవచ్చు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చినప్పుడు దాని ఉద్దేశం, రైతును వడ్డీ వ్యాపారి నుంచి విడిపించడం, అంటే మూడవ సుఖాన్ని సంస్థగా నిర్మించడం. చెరకు రైతులే సభ్యులుగా, యజమానులుగా ఉండే సహకార చక్కెర కర్మాగారాలు ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక, తుమ్మపాల, గోవాడ, తాండవలలో వెలిసి, రెండు మూడు తరాల రైతులకు బెల్లం మార్కెట్టుతో పాటు మరొక దారి చూపాయి. పాతబడిన యంత్రాలు, పేరుకున్న నష్టాలు, తగ్గిపోయిన చెరకు, రైతులకు చెల్లించని బకాయిలు కలిసి వాటిలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ కర్మాగారాలను మూతవేశాయి. రైతును అప్పు నుంచి కాపాడవలసిన సంస్థే రైతుకు బాకీపడడం కన్న బాధాకరమైన వైపరీత్యం మరొకటి లేదు. సర్వసభ్య సమావేశం తంతుగా మారి, సభ్యుడు ఓటరుగా మాత్రమే మిగిలిపోయిన చోట ఏ సంఘమైనా క్షీణిస్తుంది. యంత్రం తుప్పు కంటె ఈ తుప్పే ముందు పడుతుంది.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ప్రసంగిస్తూ అంబేద్కర్ బౌద్ధ సభా సంప్రదాయాన్నీ ఆర్థిక అసమానత ప్రస్తావననూ ఒకచోటికి తెచ్చాడు. తీర్మానాలు, కనీస హాజరు, ఓట్ల లెక్కింపు వంటి సభా నియమాలు బౌద్ధ సంఘాలకు తెలుసునని గుర్తుచేసి, కొత్త గణతంత్రం రాజకీయాల్లో సమానత్వంతో, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వంతో ఒక వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నదని హెచ్చరించాడు. తన స్వేచ్ఛా సమానత్వ సౌభ్రాతృత్వ భావాలకు మూలం ఫ్రెంచి విప్లవం కాదు, బుద్ధుని బోధ అని 1954లో ఆకాశవాణి ప్రసంగంలో ప్రకటించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించాడు. పాత సంఘం దాసుడికి మూసిన తలుపును ఆయన వెలివాడల కోసం తెరిచాడనడం అతిశయోక్తి కాదు. సామాజిక ప్రగతి అన్నది ఆర్థిక, రాజకీయ ప్రగతులకు తోకగా వచ్చేది కాదనీ, తోటి మనిషిని మనిషిగా చూడలేని సమాజంలో ఓటూ డబ్బూ రెండూ పాత దొంతరలనే బలపరుస్తాయనీ ఆయన గ్రహించినంత స్పష్టంగా ఆ కాలపు అర్థశాస్త్రవేత్తలు గ్రహించలేదు.

నాలుగవ సుఖం, అంటే నింద లేని జీవనం, అన్నిటికంటె సున్నితమైనది, ఎందుకంటే అది ఒక్కడి చేతిలో ఉండదు. బెల్లం దిమ్మ బంగారు రంగులో మెరిస్తేనే మంచి ధర పలుకుతుంది; ఆ మెరుపు కోసం రసంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కలపని రైతు దిమ్మ ముదురు రంగులో ఉండి ధర కోల్పోతుంది. నల్లబెల్లం సారా బట్టీలకు చేరుతుందన్న అనుమానంతో దాని మీద పోలీసు నిఘా కూడా ఉంటుంది. బౌద్ధం అష్టాంగ మార్గంలో చేర్చిన సమ్యగాజీవం, అంటే ఇతరులకు కీడు చేయని బతుకుతెరువు, ఇక్కడ రైతు గుణం మీద కాక కొనేవాడి చూపు మీద ఆధారపడి ఉంది. ఎక్కడో నగరంలో పచ్చని బెల్లాన్ని ఏరుకునే చేతికి ఈ తప్పులో వాటా ఉందని ఒప్పుకోనంతవరకు గానుగ దగ్గరి మనిషిని మాత్రమే తప్పుపట్టడం ధర్మం కాదు.

జిల్లాలో చెరకు తోటలు తగ్గిన మేర పరిశ్రమలు పెరిగాయి. పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాలు ఔషధాలకూ వస్త్రాలకూ కేంద్రాలయ్యాయి. నక్కపల్లి దగ్గర ఔషధ ముడిపదార్థాల పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. వస్త్ర కర్మాగారాల్లో పల్లెల నుంచి వచ్చిన వేలమంది స్త్రీలు తమ పేరున జీతం అందుకుంటున్నారంటే అది అస్తి సుఖమే, దాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు ఏ తాత్త్వికుడికీ లేదు. కాని 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో పదిహేడుమంది చనిపోయారు. ఆ కర్మాగారాలలో తయారయ్యే మందులు ఏ దేశంలోనో ఒక రోగిని బతికిస్తాయి. ఆ దేశపు ఆయుర్దాయం మానవాభివృద్ధి సూచికలో ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. ఒక చోటి ఆయుర్దాయానికి మరొకచోటి ఆయువు ఖర్చు కావడాన్ని ఏ దేశపు ఖాతాలో రాయాలో సూచికలకు తెలియదు. దేశాలను విడివిడిగా వరుస కట్టే పద్ధతిలోని లోపం ఇక్కడే ఉంది. ఏదీ మరొకదాని మీద ఆధారపడకుండా తనంత తానుగా ఉండదన్న నాగార్జునుడి వాదం ప్రగతికి కూడా వర్తిస్తుంది.

ఈ విచారణ మొత్తానికి ఒక పాత ఆక్షేపణ ఉంది: మతం పని మనసును మార్చడమే గాని కడుపు నింపడం కాదనీ, తృష్ణ తగ్గితే లేమి దానంతట అదే బాధించడం మానుతుందనీ. తృష్ణ తగ్గాలన్న మాట కడుపు నిండినవాడికి చెప్పవలసినది. దాన్ని ఆకలిగొన్నవాడికి చెప్పడం క్రౌర్యం. ధమ్మపద వ్యాఖ్యానంలోని ఒక కథ ఈ విషయాన్ని తేల్చింది. ఆళవి అనే ఊరికి బుద్ధుడు వచ్చి, భోజనం ముగిసిన తరువాత, జనమంతా ఉపదేశం కోసం ఎదురుచూస్తున్నా మౌనంగా ఉండిపోయాడు. ఒక పేద రైతు ఆ ఉపదేశం వినాలని ఎంతో ఆశపడి, తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ అడవిలో తిరుగుతూ ఉన్నాడు. ఎద్దు దొరికాక, ఇంటికైనా వెళ్లకుండా, అలసి, ఆకలితో అతడు సభ చివరికి వచ్చి నిలబడ్డాడు. వడ్డనలో ఏమైనా మిగిలిందా అని బుద్ధుడు అడిగి, అతణ్ణి కూర్చోబెట్టి ముందు అన్నం పెట్టించాడు. అతడు తిని, చేయి కడుక్కునే వరకు ఊరంతా, భిక్షుసంఘమంతా ఆగింది. ఉపదేశం ఆ తరువాతే మొదలైంది.